మంచాన పడకముందే మనిషిని పంపండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఈమధ్య మన రాష్ట్రంలో జనాభా గురించి ఎవరు మాట్లాడినా మధ్యలో జపాన్ పేరు వస్తోంది. పిల్లలు తగ్గిపోతున్నారు, ఇలాగే సాగితే మనదీ ముసలివాళ్ల రాష్ట్రం అయిపోతుందని ముఖ్యమంత్రి గారే సభల్లో హెచ్చరిస్తున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్క ప్రకారం మన దగ్గర ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. కాబట్టి హెచ్చరిక తప్పని నేననను. కానీ ఇకమీదట పుట్టబోయే పిల్లలు ఇవాళ ఎనభై దాటిన మామ్మగారిని బాత్‌రూమ్ దాకా నడిపించుకెళ్లలేరు కదండీ.

నేను తెనాలి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తుంటాను. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లలో చాలామంది అప్పటికే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా పేరున్న పెద్ద జబ్బేమీ లేకుండానే మెల్లగా మంచానికి చేరినవాళ్లు. ఈ మూడో రకం గురించే ఈ లేఖ. జపాన్ పేరు ఎలాగూ తెచ్చారు కనుక, అక్కడ ముందు ఏం తప్పు జరిగింది, దాన్ని ఎలా దిద్దుకున్నారన్నది కూడా మీ ముందు పెట్టాలనిపించింది.

సత్తువ తగ్గడం ఒక్కరోజులో జరగదు. ముందు గుడికి వెళ్లడం మానేస్తారు. తర్వాత వీధి అరుగు దాకా రావడం మానేస్తారు. గోడ పట్టుకుని నడుస్తారు. జాకెట్లు, చొక్కాలు వదులవుతాయి. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది, ఇంతేలే" అనుకుంటారు. డాక్టర్లు దీన్ని ఫ్రెయిల్టీ అంటారు. బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, నడక నెమ్మదించడం, పిడికిలి పట్టు సడలడం, కదలికలు తగ్గడం అని అయిదు గుర్తులు చెప్పి, మూడు కనిపిస్తే ఆ మనిషి ప్రమాదంలో ఉన్నట్టేనని అమెరికాలో లిండా ఫ్రైడ్ బృందం 2001లోనే తేల్చింది. ఈ దశలో ఉన్నవాళ్లకు ఒక వైరల్ జ్వరం చాలు, బాత్‌రూమ్‌లో ఒక్కసారి కాలు జారితే చాలు.

ఆ తర్వాత ఆసుపత్రి. అక్కడ ప్రాణం కాపాడతారు, కాదనను. కానీ గ్లూకోజ్ బాటిల్, మూత్రం గొట్టం, "కదలకండి, పడిపోతారు" అన్న హెచ్చరిక కలిసి మనిషిని మంచానికి కట్టేస్తాయి. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను, సగటున 67 ఏళ్లవాళ్లను, 10 రోజులపాటు మంచం మీదే ఉంచి అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. కాళ్ల కండ దాదాపు కిలో కరిగిపోయింది. 2007లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అప్పటికే గోడ పట్టుకుని నడిచే ఎనభై ఏళ్ల మనిషికి కోల్పోవడానికి ఆ కిలో ఎక్కడిది? జ్వరం తగ్గి ఇంటికొస్తారు, కానీ మంచం దిగలేరు.

ఇప్పుడు జపాన్ సంగతి. 1973లో అక్కడి ప్రభుత్వం 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ వైద్యం ఉచితం చేసింది. మంచి మనసుతోనే చేసింది. కానీ ఇంటికి వచ్చి సాయం చేసే ఏర్పాటు లేదు, ఆసుపత్రి మంచం మాత్రం ఉచితం. దాంతో చూసుకునే దిక్కు లేని పెద్దవాళ్లు ఆసుపత్రుల్లో చేరి నెలలు, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. వైద్యం అవసరమై కాదు, ఇంట్లో కుదరక. ఖర్చు తట్టుకోలేక పదేళ్లకే, 1983లో, ఆ ఉచితానికి స్వస్తి పలికి కొంత రుసుము పెట్టారు. అప్పటికి మంచాన పడ్డ వృద్ధుల సంఖ్య పెద్ద జాతీయ సమస్యగా మారింది. 1980ల్లో జపాన్ పత్రికలవాళ్లు, అధికారులు డెన్మార్క్, స్వీడన్ వెళ్లి చూస్తే, అక్కడ అదే వయసువాళ్లు పొద్దున్నే లేచి బట్టలు మార్చుకుని కుర్చీలో కూర్చుంటున్నారు. ముసలితనం రెండు చోట్లా ఒక్కటే. పొద్దున లేపడానికి వచ్చే మనిషి ఉన్నారా లేదా అన్నదే తేడా. 1989లో జపాన్ తెచ్చిన 'గోల్డ్ ప్లాన్'లో మంచాన పడేవాళ్లే ఉండకూడదన్న లక్ష్యం ఉంది.

మంత్రి గారూ, 2024 అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వం 70 దాటినవాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ కింద ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ప్రకటించింది. వయ వందన కార్డు వచ్చింది. రాష్ట్రంలో అంతకుముందే 2007 నుంచి ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఇవి వద్దని ఎవరంటారు? కానీ ఈ కార్డులన్నీ మనిషి ఆసుపత్రిలో చేరితేనే పని చేస్తాయి. ఆయుష్మాన్ కింద డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకు మందులు, పరీక్షల ఖర్చు ఇస్తారు. పదహారో రోజు నుంచి ఆ మామ్మగారిని ఎవరు లేపి నిలబెట్టాలి? 1973లో జపాన్ నిలబడ్డ చోటే మనం ఇవాళ నిలబడ్డాం. అక్కడ ఆ తర్వాత ఏం జరిగిందో తెలిసి కూడా.

2000 ఏప్రిల్‌లో జపాన్ దీర్ఘకాల సంరక్షణ బీమా మొదలుపెట్టింది. 40 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కడతారు, సగం డబ్బు దాన్నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు సాయం కావాలంటే మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టుకోవాలి. మనిషి ఇంటికొచ్చి 74 అంశాలు చూస్తారు: పక్క మీద ఒత్తిగిలగలరా, గోళ్లు కత్తిరించుకోగలరా, పొద్దున ఏం చేశారో గుర్తుందా, ఇలా. డాక్టరు అభిప్రాయం కూడా కలిపి ఏడు స్థాయిల్లో ఏదో ఒకటి ఇస్తారు. జబ్బు పేరుతో పని లేదు, ఎంత సాయం కావాలన్నదే లెక్క. ఆ తర్వాత కేర్ మేనేజర్ ఒకరు వారంలో ఏ రోజు స్నానం చేయించడానికి ఎవరు వస్తారు, ఏ రోజు డే కేర్‌కి తీసుకెళ్తారు అని పట్టిక వేసిస్తారు. మామూలు ఆదాయం ఉన్నవాళ్లు పదో వంతు ఖర్చు పెట్టుకుంటే సరిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది చిన్న విషయం. ఇంట్లో గోడలకు పట్టుకునే కమ్మీలు పెట్టుకోవడానికి, గడప ఎత్తు తగ్గించడానికి, జారని నేల వేయించడానికి 2 లక్షల యెన్ల వరకు పనికి ఆ బీమా డబ్బు ఇస్తుంది. మన దగ్గర జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. అమెరికాలో ఉన్న అబ్బాయి ప్రేమతో డబ్బు పంపి, అమ్మ కోసం ఇల్లు బాగు చేయించి, అద్దంలా మెరిసే టైల్స్ వేయిస్తాడు, బాత్‌రూమ్‌తో సహా. ఆ నేల మీద తడి కాలు పెట్టిన పెద్దవాళ్ల తుంటి ఎముకలతోనే నాకు చాలావరకు పని. ఎన్నారై బిడ్డలకు ఇక్కడే ఒక మాట: సీసీ కెమెరా తర్వాత పెట్టించుకోవచ్చు, ముందు కమోడ్ పక్కన ఒక స్టీలు కమ్మీ బిగించండి.

జపాన్ ఇంకో గట్టి నిర్ణయం తీసుకుంది. పెద్దవాళ్లను చూసుకునే కుటుంబానికి నేరుగా డబ్బు ఇవ్వాలా, లేక సేవే పంపాలా అని అక్కడ పెద్ద చర్చ జరిగింది. 1995లో సంరక్షణ బీమా తెచ్చిన జర్మనీ, డబ్బు తీసుకునే వీలు కూడా ఇచ్చింది. జపాన్ మహిళా సంఘాలు మాత్రం వద్దన్నాయి. డబ్బిస్తే ఆ డబ్బు పేరు చెప్పి కోడలిని ఇంకా గట్టిగా ఆ మంచానికి కట్టేస్తారని వాళ్ల వాదన. ప్రభుత్వం ఆ వైపే మొగ్గింది. మన ఇళ్లలో ఈ వాదన ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను. నేను వెళ్లే ఇళ్లలో డైపర్ మార్చే చేతులు కోడలివో, కూతురివో. వాళ్ల నడుం నొప్పికి కూడా చివరికి నేనే వ్యాయామాలు చెప్పి వస్తుంటాను.

దీన్ని మన పింఛన్ల పక్కన పెట్టి చూడండి. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4 వేలు. పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15 వేలు. దేశంలో ఇంత ఉదారంగా ఇచ్చే రాష్ట్రాలు అరుదు, దాన్ని తగ్గించమని నేను అననే అనను. కానీ పూర్తిగా మంచాన పడ్డాక 15 వేలు ఇస్తున్నాం, గోడ పట్టుకుని నడుస్తున్నప్పుడు వాకర్ పట్టించి నడక నేర్పే మనిషిని పంపడం లేదు. పడిపోయాక పెట్టే ఖర్చులో చిన్న ముక్క ముందు పెడితే చాలామంది పడరు.

జపాన్ ధనిక దేశం, మనకెలా కుదురుతుంది అంటారేమో. న్యాయమైన మాటే. జీతం చీటీ ఉన్నవాళ్లు తక్కువగా ఉన్న చోట 40 దాటిన అందరి దగ్గరా ప్రీమియం వసూలు చేయడం ఇప్పట్లో అయ్యే పని కాదు. అందుకే థాయ్‌లాండ్ చూడమంటాను. అక్కడ మన ఆశా కార్యకర్తల్లాంటి గ్రామ ఆరోగ్య వాలంటీర్లు పది లక్షలకు పైగా ఉన్నారు. 2016లో 60 కోట్ల బాట్లతో, సొంతంగా పనులు చేసుకోలేని వృద్ధుల కోసం ఇంటి దగ్గర సంరక్షణ మొదలుపెట్టారు. డబ్బు జాతీయ ఆరోగ్య భద్రత కార్యాలయం నుంచి నేరుగా మన పంచాయతీలాంటి స్థానిక సంస్థకు వెళ్తుంది. తినడం, స్నానం, మరుగుదొడ్డి, నడక లాంటి పనులకు మార్కులు వేసి ఎవరికి ఎంత అవసరమో తేలుస్తారు. నర్సు ఒకరు కేర్ మేనేజర్. ఊళ్లోని వాళ్లకే, ఎక్కువగా ఆ వాలంటీర్లకే, 70 గంటల శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపుతారు. మొదట్లో ఒక్కో వృద్ధుడికి ఏడాదికి ఇచ్చింది 5 వేల బాట్లు. అప్పటి రేటుకి దగ్గర దగ్గర 10 వేల రూపాయలు, అంటే మంచాన పడ్డవాళ్లకు మనం నెలకు ఇచ్చే పింఛను కన్నా తక్కువ. అది చాలక తర్వాత పెంచారు. లోపాలు లేవని కాదు, వాలంటీర్ల మీద భారం ఎక్కువన్న ఫిర్యాదు అక్కడా ఉంది. కానీ మొదలుపెట్టడానికి ధనిక దేశం కావాల్సిన అవసరం లేదని మాత్రం తేలింది.

నిజానికి కొన్నిటికి దేశం దాటక్కర్లేదు. కేరళలో 1993లో కోళికోడ్ వైద్య కళాశాల దగ్గర మొదలైన పాలియేటివ్ సేవ (నయం కాని జబ్బులున్నవాళ్లకు బాధ తగ్గించే సేవ), మలప్పురం ఊళ్లలో వాలంటీర్ల చేతికి వచ్చి, 2008లో రాష్ట్ర విధానమైంది. పంచాయతీలే నర్సును ఇళ్లకు పంపుతాయి. తెలంగాణలో కూడా చేవెళ్లతో మొదలుపెట్టి జిల్లా పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే వాహనాలు వచ్చాయి. మన దగ్గర మాత్రం ఇంటింటికీ వెళ్లే అలవాటు ఉంది, చేతిలో చేయాల్సిన పని లేదు.

అలవాటు అన్నాను కదా, దాని గురించి చెప్తాను. ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారేసరికి సచివాలయం సిబ్బంది ప్రతి వృద్ధుడి గుమ్మం ముందు నిలబడి చేతికి డబ్బు ఇస్తున్నారు. డెన్మార్క్ 1990ల్లో చట్టం చేసి, 75 దాటినవాళ్ల ఇళ్లకు మున్సిపాలిటీ మనిషి వెళ్లి బాగోగులు కనుక్కోవాలన్న ఏర్పాటు పెట్టింది. తర్వాతి కాలంలో దాన్ని అవసరం ఎక్కువున్నవాళ్ల వైపు మళ్లించుకున్నారు. ఆ గుమ్మం దాకా వెళ్లడమే అక్కడ ఒక పెద్ద పథకం. మనం ఆ దూరం ఎప్పుడో దాటేశాం. పింఛను తీసుకోవడానికి మామ్మగారు లేచి నిలబడ్డారా, గోడ పట్టుకున్నారా, లేక మంచం మీదనుంచే వేలిముద్ర వేశారా అన్నది ఆ సిబ్బంది కళ్లెదుటే ఉంటుంది. రాసుకునే గడి ఒక్కటి లేదు.

మూడు నెలలకోసారి ఆ ఒకటో తారీఖు తర్వాతి వారంలో ఏఎన్‌ఎం లేదా ఆశా వెళ్లి ఒక్క పరీక్ష చేస్తే చాలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనాలి. 14 సెకన్లలో చేయలేకపోతే తర్వాతి పరీక్షలకు పంపాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, పెద్దవాళ్ల సంరక్షణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లోదే. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఆరోగ్య వివరాలు రాసుకునే సీబ్యాక్ ఫారంలో 60 దాటినవాళ్లకు ఇప్పటికే ప్రశ్నలున్నాయి: నిలబడితే తూలుతున్నారా, తిండికి, బట్టలకు, స్నానానికి ఇంకొకరి సాయం కావాలా, దగ్గరివాళ్ల పేర్లు మర్చిపోతున్నారా అని. జవాబు "అవును" అని పడ్డాక ఏం జరగాలి? పీహెచ్‌సీలో చూపించుకోమంటారు. నడవలేని మనిషి అక్కడికి ఎలా వెళ్తారో మరి.

ఆ "అవును" పడ్డ ఇంటికి మనిషి వెళ్లాలి, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. డెన్మార్క్‌లో ఫ్రెడెరిసియా అనే చిన్న పట్టణం 2008లో ఇదే మొదలుపెట్టింది. సాయం కావాలని అడిగిన పెద్దవాళ్లకు శాశ్వతంగా పనిమనిషిని పెట్టే ముందు, కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి తమ పని తాము చేసుకునేలా తయారు చేయాలని. మేజోళ్లు తొడగడానికి మనిషిని పంపకుండా, సొంతంగా తొడుక్కోవడం మళ్లీ నేర్పారు. 2015 నుంచి దేశమంతటా మున్సిపాలిటీలు ముందు ఈ దారి చూడాలని చట్టమే వచ్చింది. మన ఇళ్లలో ఇది అమలు చేయాలంటే అసలు ఇబ్బంది పెద్దవాళ్ల నుంచి రాదు, మన ప్రేమ నుంచి వస్తుంది. "మీరు లేవకండి అత్తయ్యా, నేను తెచ్చిస్తాను" అన్న మాట ఎంత మర్యాదగా ఉంటుందో, కండకి అంత చేటు. ఫిజియోథెరపిస్టులు ప్రైవేటుగా ప్రతి ఊరి దగ్గర్లో దొరుకుతాం. మండలానికి ఒకరిని తీసుకుని, ఆశాలకు, ఊళ్లో చదువుకుని ఖాళీగా ఉన్న ఆడపిల్లలకు శిక్షణ ఇప్పించండి. వాళ్లకు జీతం ఇవ్వండి. గౌరవ వేతనం అని చెప్పి చేతిలో చిల్లర పెట్టొద్దు.

తుంటి ఎముక సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా మీ చేతిలో పని. ఇంగ్లండ్‌లో 2010లో ఆసుపత్రులకు ఇచ్చే చెల్లింపులో మెలిక పెట్టారు. తుంటి విరిగిన వృద్ధుడికి 36 గంటల్లో ఆపరేషన్ చేస్తే, ఎముకల డాక్టరుతోపాటు వృద్ధుల వైద్యుడు కూడా చూస్తే, మళ్లీ పడకుండా, ఎముక బలానికి ఏం చేయాలో పరీక్షిస్తే అదనంగా డబ్బు. ఒక్కటి తప్పినా ఆ అదనం లేదు. ప్రతి కేసూ ఒక జాతీయ రిజిస్టరులో రాస్తారు. ఆ రిజిస్టరు 2007లో మొదలైంది. అప్పట్లో నెల లోపు చనిపోయేవాళ్లు నూటికి సుమారు 11 మంది, 2011కల్లా అది 8.5కి తగ్గింది. కొత్త మందు ఏదీ రాలేదు. ఇక్కడ ఫిట్‌నెస్ కోసం కొన్నాళ్లు, అప్రూవల్ కోసం కొన్నాళ్లు, రక్తం కోసం కొన్నాళ్లు కాలు కదపలేని మనిషి వార్డులో పడి ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. నా దగ్గరకు వచ్చేసరికి వీపున పుండు కూడా ఉంటుంది. వైద్య సేవ ట్రస్టు ప్యాకేజీ డబ్బు చెల్లించేది మీరే. 36 గంటల షరతు, మర్నాడు లేపి నిలబెట్టాలన్న షరతు ఆ ప్యాకేజీలోనే రాయండి. పాటించిన ఆసుపత్రికి ఎక్కువివ్వండి.

బయటి దేశం నుంచి నేర్చుకుంటే ఇక్కడ మొలకెత్తదన్న అనుమానం ఉంటే చెన్నై చూడండి. 1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో, ఏళ్ల తరబడి మంచాల మీద వదిలేసిన 700 మందికి పైగా రోగులను మార్జరీ వారెన్ అనే డాక్టరు ఒక్కొక్కరినీ పరీక్షించి, వీలైనవాళ్లను లేపి నడిపించి ఇళ్లకు పంపడం మొదలుపెట్టారు. వృద్ధుల వైద్యం అన్న శాఖ అలా పుట్టింది. ఆ విద్య బ్రిటన్‌లో నేర్చుకొచ్చిన డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో వృద్ధులకు విడిగా వైద్యం మొదలుపెట్టారు. 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీలో ఎండీ జెరియాట్రిక్స్ వచ్చింది. 2024లో గిండీలో జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం తెరిచారు. మన పాత వైద్య కళాశాలలు విశాఖలో, గుంటూరులో ఉన్నాయి. అక్కడా ఇలాంటి విభాగాలు బలంగా నిలబడాలి. సంచి నిండా మందులతో వచ్చే పెద్దాయనకు ఏ మాత్ర ఆపాలో ధైర్యంగా చెప్పగల డాక్టరు జిల్లాకు ఒకరైనా కావాలి. నిద్రమాత్ర ఆపినందుకే తూలడం తగ్గినవాళ్లను నేనెరుగుదును.

అన్నీ తెచ్చుకోమని కాదు. పడమటి దేశాల పెద్ద పెద్ద కేర్ హోమ్‌ల నమూనా మనకొద్దు. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ సమయంలో ఆసుపత్రుల నుంచి వృద్ధులను పరీక్షలు చేయకుండానే ఆ హోమ్‌లకు పంపేశారు, చాలామంది పోయారు, ఆ విధానం చట్టవిరుద్ధమని 2022లో అక్కడి హైకోర్టే చెప్పింది. జపాన్‌లో సంరక్షణ చేసేవాళ్లకు జీతాలు తక్కువ, మనుషులు దొరక్క విదేశాల నుంచి రప్పించుకుంటున్నారు. ఆ విదేశాల్లో మనమూ ఉన్నాం. తెలంగాణలో విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను జపాన్, జర్మనీలకు పంపుతోంది, మన నైపుణ్యాభివృద్ధి సంస్థ జర్మన్ భాష నేర్పిస్తోంది. పిల్లలు బాగుపడుతున్నారు, సంతోషం. కానీ అక్కడి తాతగారికి స్నానం చేయించే పనికి శిక్షణ, సర్టిఫికెట్, జీతం ఉన్నాయి. అదే పని పొన్నూరులో చేసే అమ్మాయికి ఏజెన్సీ వాడు కోత పెట్టి ఇచ్చే డబ్బు తప్ప ఏమీ లేదు. ఆ శిక్షణలో కొంత తెలుగులో, ఇక్కడే ఉండిపోయేవాళ్ల కోసం పెట్టలేరా?

నేనడుగుతున్నది రాష్ట్రమంతా ఒకేసారి కాదు. ఒక డెల్టా మండలం, ఒక రాయలసీమ మండలం, ఒక గిరిజన ఏజెన్సీ మండలం తీసుకోండి. ఏజెన్సీలో లెక్కలు పూర్తిగా వేరుగా ఉంటాయి కాబట్టి దాన్ని వదలొద్దు. ప్రతి పీహెచ్‌సీలో వాకర్లు, చక్రాల కుర్చీలు, గాలి పరుపులు అప్పుకిచ్చే గది ఒకటి పెట్టండి. ఇప్పుడు ప్రతి ఇల్లూ కొత్తవి కొని, పని అయ్యాక అటక మీద పడేస్తోంది. ఇంటికి వెళ్లే మనుషులకు ఏడాదికి సరిపడా జీతం ముందే కేటాయించండి. ఏడాది చివర రెండు అంకెలు బయటపెట్టండి: తుంటి ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు ఎంతమంది నడుస్తున్నారు, కుర్చీ పరీక్షలో తప్పినవాళ్లలో ఎంతమంది తర్వాతి పరీక్షలో గెలిచారు. రెండూ మెరుగుపడకపోతే పథకం ఆపేయండి, నేనేమీ అనను.

ఆశాలకు, ఊళ్లో అమ్మాయిలకు శిక్షణ ఇవ్వడానికి ఈ ప్రాంతంలో నాలాంటి ఫిజియోథెరపిస్టులు సిద్ధంగా ఉన్నారు. పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే ఒక ఫిజియోథెరపిస్టు,
తెనాలి